తిప్పకూడని ముక్క

నేను వాషింగ్ మెషిన్లకి వాడుక పుస్తకాలు రాస్తాను. అట్టపెట్టెలో మెషిన్‌తో పాటు ఒక సన్నటి పుస్తకం వస్తుంది చూడండి, ఇంట్లో ఎవరూ తెరవకుండా బీరువా మీద పడేస్తారు, అదే. కంపెనీ ఎక్కడో ఉంటుంది, నేను ఈ ఉక్కు ప్లాంటు ఊళ్ళో, రుఆబాంధా పేటలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని రాసి పంపుతాను. నేను రాసింది ఎవరూ చదవరని ఉద్యోగంలో చేరినప్పుడే తెలుసు. దాని గురించి నాకేమీ బెంగ లేదు, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. నా బాధంతా జీతం లేకుండా, ఆదివారాలు పాడుచేసుకుని రాసిన దాని గురించే.

అది మా అన్నయ్య ప్రోగ్రాం కోసం రాసింది. అన్నయ్యంటే పెదనాన్న కొడుకు. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంట్‌లో పనికని ఈ హిందీ ఊరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సెక్టర్ 7లో పక్కపక్క క్వార్టర్లు కావడంతో పిల్లలం ఒకే ఇంట్లో పెరిగినట్టు పెరిగాం. అన్నయ్య ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టి, విసుగెత్తి తిరిగొచ్చి, చిన్న ఫ్యాక్టరీలన్నీ ఉండే హథ్‌ఖోజ్‌లో ఒక షెడ్డు పెట్టాడు. ఉక్కు ప్లేట్లు తెచ్చి, కోసి, వంచి, వెల్డింగ్ చేసి బ్రాకెట్లూ తొట్లూ తయారుచేస్తారు అందులో.

పెద్ద ప్లేటు మీద ముక్కల్ని ఎలా సర్ది కోస్తే తక్కువ వృథా అవుతుందో లెక్కగట్టి బొమ్మ గీసి చూపించడం ఆ ప్రోగ్రాం పని. దర్జీ బట్ట మీద జాకెట్టు ముక్కలు సర్దుకున్నట్టే అనుకోండి. అన్నయ్య తన షెడ్డు కోసం రాసుకుని, దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టేశాడు. ఓపెన్ సోర్స్ అంటే అంతే. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో చదువుకోవచ్చు, బాగుచేసి పంపితే మనం కలుపుకోవచ్చు. "వాడుకోనీయే, నా సొమ్మేటి పోయింది" అన్నాడు. నిజంగానే వాడుకున్నారు. ఎక్కడెక్కడి చిన్న షెడ్లవాళ్ళో దించుకుని, ఇది ఎలా నడపాలి, అది ఎందుకు ఆగిపోతోంది అని అడగడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి మొదలైంది నా ఖర్మ.

మా అన్నయ్య కోడ్ రాయడంలో ఎంత చురుకో, రాసినదాని గురించి ఒక్క వాక్యం చెప్పడంలో అంత బద్ధకస్తుడు. మొత్తం ప్రోగ్రాం ఒకటే ఫైలు. కొలతలు చదవడం, ముక్కల్ని తిప్పడం, బొమ్మ గీయడం, మెషిన్‌కి పంపడం అన్నీ ఒకదాని మీద ఒకటి పడేసి ఉంటాయి. పేర్లు మా ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే పెట్టాడు, సగం తెలుగు సగం హిందీ. ఒకచోట ముక్క, ఒకచోట కబాడ్, ఒకచోట ఉల్టా. పేరు తట్టనప్పుడు ఒక అక్షరం పెట్టి పక్కన ఒక అంకె తగిలించి ఊరుకున్నాడు. ఫలానా లైను ఎందుకుందో చెప్పే వ్యాఖ్య ఫైలు మొత్తంలో ఒక్కటి కూడా లేదు. కోడ్ నేను రాయలేను కానీ చదవగలను, వంట రానివాళ్ళకి కూడా ఉప్పు తక్కువైతే తెలుస్తుంది కదా. ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ నాకు తలనొప్పి వచ్చేది.

"నువ్వు పుస్తకాలు రాస్తావు కదే, దీనికీ ఒకటి రాసి పడెయ్" అన్నాడు. చెల్లెలంటే లోకువ. సరేనని కూర్చున్నాను. ప్రోగ్రాం ఎలా దించుకోవాలి, మొదటి ప్లేటు కొలతలు ఎక్కడ ఇవ్వాలి, బొమ్మ వచ్చాక ఏం చూసుకోవాలి, ఇవన్నీ ఆదివారం ఆదివారం కూర్చుని ఒక పేజీగా రాశాను. తొందరలో ఉన్నవాడికి కూడా అర్థం కావాలని ఒక్కో వాక్యం విరిచి విరిచి రాశాను. అది పెట్టిన వారంలోనే ఒకాయన అడిగాడు, కొలతలు ఎక్కడ ఇవ్వాలండీ అని. ఆ పేజీలో మొదటి లైనే అది. లింకు పంపాను. అది చదవకుండా మళ్ళీ అదే అడిగాడు. గోడకి తల కొట్టుకుందామనిపించింది, కానీ క్వార్టరు గోడలు కావు ఇవి, సొంతిల్లు కాబట్టి ఊరుకున్నాను.

ఇలా ఉండగా ఆ అమ్మాయి వచ్చింది. ఎక్కడో కేరళలో ఉంటుంది, కోడ్ రాయడమే ఉద్యోగం. మా ప్రోగ్రాం ఆమెకి ఎలా తగిలిందో తెలీదు. మొదటి ఉత్తరంలోనే, మీ పేజీ చదివి నడిపించాను, మూడో భాగంలో ఒక మాట పాతబడిపోయింది, దిద్దనా అని అడిగింది. నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. చదివిందట! మూడో భాగం దాకా చదివిందట! ఆ రోజు పూరీలు చేశాను ఇంట్లో, ఎందుకో చెప్పలేదు ఎవరికీ.

ఆమె నన్ను చేచీ అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క. మేమిద్దరం ఇంగ్లీషులోనే రాసుకునేవాళ్ళం, ఆ ఒక్క మాటే ఆమె భాషలో ఉండేది. అన్నయ్య గోడౌన్‌లాంటి ఫైలును ఆమె మెల్లగా గదులుగా విడగొట్టడం మొదలుపెట్టింది. కొలతలు చదివేది ఒక ఫైలు, ముక్కల్ని తిప్పేది ఒక ఫైలు, బొమ్మ గీసేది ఒక ఫైలు. ప్రతి ఫంక్షన్ నెత్తిన అది ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, ఎందుకుంది అని చిన్న వ్యాఖ్య. అర్థం కానిచోట తోచింది రాసేది కాదు, అడిగేది. కబాడ్ అంటే ఏమిటి చేచీ? మిగిలిపోయిన తుక్కు. అయితే దాన్ని స్క్రాప్ అని మారుస్తాను, అందరికీ తెలుస్తుంది. నేను చెప్పేది వినేది, విన్నది రాసేది. అలాంటి మనిషిని నేను ఉద్యోగంలో కూడా చూడలేదు.

అన్నయ్యకి అప్పటికే షెడ్డుతో ఊపిరాడ్డం లేదు. "ఇంక నా వల్ల కాదే. ఎవరికైనా అప్పజెప్పీ, నేదంటే మూసీ" అనేవాడు. మూసేస్తే దాన్ని నమ్ముకున్న షెడ్లవాళ్ళు మళ్ళీ సుద్దముక్కతో ప్లేటు మీద గీసుకోవాలి, నా ఆదివారాలన్నీ బూడిదలో పోసినట్టే. ఆ అమ్మాయి పూర్తిగా అందుకుంటే మాత్రం ప్రోగ్రాం బతుకుతుంది. అందుకే నాకు కావాల్సింది ఒక్కటే, ఆమె విసిగిపోయి వెళ్ళిపోకూడదు. ఆ మాట అన్నయ్యతో ఎన్నిసార్లన్నానో. ఆమె అడిగినదానికి జవాబు చెప్పు చాలు, ఇంకేమీ చెయ్యొద్దు అని.

ముక్కల్ని తిప్పే ఫైలు దగ్గర ఆమెకి ఒక లైను ఎదురైంది. కే2 అన్న గుర్తు ఉంటే ఆ ముక్కని అడ్డంగా తిప్పొద్దు అని ఉంది అందులో. నిలువుగా పట్టకపోతే అడ్డంగా తిప్పి ఇరికించడమే కదా ఆ ప్రోగ్రాం తెలివంతా, మరి కొన్నింటిని ఎందుకు తిప్పొద్దంటోంది? కే2 అంటే ఏమిటి? ఆమె అందరికీ కనిపించే ప్రశ్నల పేజీలో శుభ్రంగా అడిగింది. ఈ లైను ఎందుకుందో దయచేసి చెప్పండి, దీనివల్ల చాలా ప్లేటు వృథా అవుతోంది అని.

నాకు తెలీదు. అన్నయ్యకి ఫోన్ చేశాను. వెనకాల గ్రైండరు మోత.

"ఏ లైనే?"

"కే2 లైను. ముక్కని తిప్పొద్దని ఉంది కదా, అది."

"ఓస్, అదా. అది అందరికీ తెల్సిందేనే. రాయాలేటి దానికి?"

"నాకు తెలీదు."

"ప్లాంటోడి కూతురివి, నీకు తెలీకపోడమేటి? ఆగాగు, ట్రక్కొచ్చింది. బాద్ మే సెప్తాను."

బాద్ మే అంటే తరవాత. ఆ తరవాత రానేలేదు. మా ఊళ్ళో ఇదొక జబ్బు. ఇక్కడ పెళ్ళిభోజనాల దగ్గర కూడా స్లాబూ ప్లేటూ రోలింగూ అనే మాట్లాడుకుంటారు, పాలవాడికి కూడా ఏ షిఫ్టులో ఏ ఫర్నేసు ఆగిందో తెలుసు. అందుకని లోకమంతా ప్లాంటు గేటు బయటే పుట్టిందనుకుంటారు. తమకి తెలిసింది అందరికీ తెలుసు, కాబట్టి చెప్పక్కర్లేదు, రాయక్కర్లేదు. నేనడిగితే నవ్వు. వేరేవాళ్ళడిగితే అసలు వినపడదు.

నేను ఆ అమ్మాయికి, అడుగుతున్నాను, కొంచెం ఆగు అని రాశాను. ఆగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగమన్నాను. అన్నయ్యకి మెసేజ్ పెడితే బొటనవేలి గుర్తు పంపాడు. బొటనవేలు దేనికి జవాబో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

చివరికి ఆమె తన మార్పులన్నీ కలిపి పంపింది. పైన ఏమేం మార్చిందో వివరంగా రాసింది. కే2 లైను గురించి విడిగా రాసింది. కారణం అడిగాను, తెలియలేదు, తీసేస్తే వృథా బాగా తగ్గుతోంది, అందుకని తీసేశాను, తప్పయితే కలిపేముందు చెప్పండి, వెనక్కి పెడతాను అని. మార్పులు కలిపే అధికారం అన్నయ్య ఒక్కడిదే. షెడ్డు గేటు దగ్గర టీ తాగుతూ ఫోన్‌లో చూశాడట. పాత బొమ్మా కొత్త బొమ్మా ఆ అమ్మాయి పక్కపక్కన పెట్టి పంపింది, కొత్త బొమ్మలో ముక్కలు ఒత్తుగా, తుక్కు తక్కువగా కనపడింది. ముచ్చటేసి బటన్ నొక్కేశాడు.

"పైన రాసింది చదివావా అన్నయ్యా?" అని అడిగాను సాయంత్రం.

"సూసేనే. బఢియా సేసింది పిల్ల. సూడు, కబాడ్ ఎంత తగ్గిందో!"

చూడడానికీ చదవడానికీ తేడా ఉందని నాకు బాగా తెలుసు. నా బతుకంతా ఆ తేడా మీదే నడుస్తోంది. కానీ రాసినవాడే బాగుందంటున్నాడు కదా, ఆ లైను అంత అవసరం కాదేమోలే అనుకున్నాను. ఆమెకి అభినందనలు చెప్పాను. చాలా సంతోషపడింది.

ఆ తరవాత ఒక ఉదయం అన్నయ్య ఫోన్ చేసి అరిచాడు. ఏమంటున్నాడో తెలీలేదు. స్కూటీ తీసుకుని హథ్‌ఖోజ్ వెళ్ళాను. షెడ్డులో వంచే మెషిన్ పక్కన బ్రాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. వంపు వెలుపలి వైపు, అంచు నుంచి అంచు దాకా, సన్నగా పగిలి ఉంది. రెండోది తీశాను, అదీ అంతే. బ్రాకెట్లు చేయించుకుంటున్న పెద్ద కంపెనీవాళ్ళు పొద్దున్నే వచ్చి చూసి, మొత్తం వద్దని వెళ్ళిపోయారు. పనివాళ్ళు ఎటో చూస్తూ నిలబడ్డారు. అన్నయ్య మొహం నల్లబడిపోయింది.

అప్పుడు చెప్పాడు కారణం, ఇన్నాళ్ళకి. ప్లేటును రోలర్ల మధ్య నొక్కి సాగదీసి చేస్తారు కదా, సాగిన వైపుగా దానికి ఒక నార ఏర్పడుతుంది. వెదురుబద్దకున్నట్టే. ఆ నారకి అడ్డంగా వంచితే చక్కగా వంగుతుంది. నారవెంట మడవబోతే చీలుతుంది. అందుకని వంచాల్సిన ముక్కని ప్లేటు మీద ఎటుపడితే అటు తిప్పకూడదు. కే2 అంటే వంచే ముక్క అని గుర్తు. అంతే. రెండు వాక్యాలు. టీ చల్లారేలోపు చెప్పేయగల రెండు వాక్యాలు.

"ఇది ఆ అమ్మాయికి చెప్పడానికి నోరు పెగలలేదా నీకు?" అన్నాను.

"స్టీలు ముట్టుకోనోళ్ళు స్టీలు కోడ్ ఎందుకు ముట్టుకోవాల?" అన్నాడు.

ఆ మాట నాతో అని ఊరుకున్నా బాగుండేది. నేను వచ్చేలోపే ప్రశ్నల పేజీలో, లోకమంతా చూసేలా, ఇంగ్లీషులో అదే రాసిపెట్టాడట. స్టీలు గురించి తెలియనివాళ్ళు దయచేసి ఈ ప్రోగ్రాం జోలికి రావొద్దు, మా షెడ్డుకి చాలా నష్టం జరిగింది అని. ఆ లైను తీసేసింది ఎవరో పేరుతో సహా కనపడేచోట.

ఆ పగిలిన బ్రాకెట్టు నా చేతిలోనే ఉంది. దాన్ని టేబుల్ మీద దబ్బున పడేశాను. పనివాళ్ళు ఉన్నారని కూడా చూసుకోలేదు.

"మీ నాన్న షిఫ్టు దిగినప్పుడు, వచ్చినోడికి ఫలానా బేరింగు వేడెక్కుతోంది సూసుకో అని సెప్పకుండా ఏ రోజైనా ఇంటికొచ్చాడా? రిలీవర్ రానిదే సీటు వదిలేవాడా? ఆ పిల్ల నీ రిలీవరు! అడిగింది, మళ్ళీ అడిగింది, కాయితం మీద రాసినట్టు రాసింది, తప్పయితే సెప్పమంది. నువ్వు ఏటి సేశావు? బొటనవేలు పంపావు! బటను నొక్కింది నువ్వు, తిట్టేది ఆ పిల్లనా?"

అన్నయ్య నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. నా నోట్లోంచి అమ్మ భాష అంత గట్టిగా రావడం నేనూ ఎప్పుడూ వినలేదు. అతను కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి, రాసింది తుడిచేశాడు. "ఠీక్ హై, పొరపాటైంది, ఒగ్గీ" అన్నాడు. కానీ ఆ పేజీలో ఎవరు ఏం రాసినా అందరికీ ఈమెయిల్ వెళుతుంది. తుడిచినా అప్పటికే ఆమెకి వెళ్ళిపోయి ఉంటుంది. అది కూడా అన్నయ్యకి తెలిసిన సంగతే.

ఇంటికొచ్చి ఆమెకి పెద్ద ఉత్తరం రాశాను. తప్పు నీది కాదు, మాది, నార సంగతి ఇదీ, నువ్వు వెళ్ళొద్దు, ఈ ప్రోగ్రాం నీ చేతుల్లోనే బాగుంటుంది అని. మర్నాటికి జవాబొచ్చింది. ఒకే వాక్యం.

నేను అడిగాను కదా చేచీ.

కింద తన ప్రశ్నకి లింకు. లింకు నొక్కితే ఆమె ప్రశ్న, కింద రెండోసారి అడిగింది, వాటి కింద నా ఆగు, ఆగు. అంతకంటే కింద ఖాళీ. రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, చివరికి క్షమించు అని మాత్రం పంపాను. మళ్ళీ ఆమె మా దగ్గరికి రాలేదు.

అన్నయ్య ఆ లైను తిరిగి పెట్టాడు. దాని నెత్తిన వ్యాఖ్య కూడా రాశాడు, జీవితంలో మొదటిసారి. వంచే ముక్కని తిప్పకు, నారవెంట మడిస్తే పగులుతుంది. అక్షరదోషాలు లేకుండా బాగానే రాశాడు. రాసి నాకు చూపించాడు, మెచ్చుకుంటాననుకున్నాడో ఏమో. నేను చూశాను. ఒళ్ళు మండింది. ఎవరు చదవాలని ఇప్పుడు? ఆ షెడ్డు గొడవ సర్దుకోవడానికే అతనికి సరిపోయింది, ప్రోగ్రాంని ఎవరూ ముట్టుకోలేదు. అడిగేవాళ్ళు అడిగి అడిగి మానేశారు. నేను కూడా ఆదివారాలు నిద్రపోవడం మొదలుపెట్టాను.

మొన్న అన్నయ్య కొత్త కోత మెషిన్ కొన్నాడు. మా ప్రోగ్రాం ఇచ్చే బొమ్మ దానికి ఎక్కడం లేదు. "ఎవడైనా సేసి పెట్టాడేమో సూడవే" అంటే వెతికాను. దొరికింది. ఓపెన్ సోర్స్‌లో నచ్చకపోతే మొత్తం కోడ్ పట్టుకెళ్ళి వేరే కాపురం పెట్టుకోవచ్చు, అలా ఎవరో మాదాన్నే తీసుకుని వేరే పేరుతో నడుపుతున్నారు. ఫైళ్ళు గదులు గదులుగా ఉన్నాయి. ప్రతి ఫంక్షన్ నెత్తిన చిన్న వ్యాఖ్య. చూడగానే ఎవరిదో అర్థమైపోయింది.

వివరాల పేజీలో మొట్టమొదటి సంగతి నార గురించే. బొమ్మ గీసి మరీ రాసింది. కింద ఒక మాట ఉంది. ఈ నియమం ఎందుకో పాత ప్రాజెక్టులో రాసి లేకపోవడంతో, మా ఊళ్ళో ఉక్కు పడవలు కట్టే యార్డుకి వెళ్ళి అడిగి తెలుసుకున్నాం అని. నేను ఉత్తరంలో రాసిన కారణం నమ్మలేదో, చదవలేదో. నేనైనా ఆ స్థితిలో వెళ్ళి కనుక్కునేదాన్నే.

ఆ తరవాతి పేజీ తెరిచాను. ప్రోగ్రాం ఎలా దించుకోవాలి, కొలతలు ఎక్కడ ఇవ్వాలి. నా పేజీ. నేను విరిచి విరిచి రాసిన వాక్యాలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచింది. అప్పట్లో కోడ్ గొడవలో పడి మేమిద్దరం మరిచిపోయిన, మూడో భాగంలో పాతబడిన ఆ ఒక్క మాట మాత్రం దిద్దింది. అడుగున, ఈ పేజీ రాసినవారు అని నా పేరు పెట్టింది. ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు చెప్పడానికి, ముందుగదిలో కూర్చుని బాగా ఏడ్చాను.

అన్నయ్యకి చెప్తే లింకు పంపమని, ఆ పేజీ తెరిచి చూశాడు. తరవాత, "బాగా రాసింది కదే. మన మెషిన్‌కి పనికొస్తుందేమో అడుగు" అన్నాడు. నువ్వే అడుగు అన్నాను. "నాకు మొహం సెల్లదే" అన్నాడు. అలా అనడం అతనికి అలవాటు లేదు, అందుకని నేనే అడిగాను. ఆమె ప్రశ్నల పేజీలో, నా పేరుతోనే, ఫలానా మెషిన్‌కి బొమ్మ ఎలా పంపాలి అని. వేరే ఏమీ రాయలేదు. రాస్తే జాలిపడమని అడిగినట్టుంటుందనిపించింది.

నేను కుక్కర్ దించేలోపే జవాబొచ్చింది. ఏ మెషిన్‌కి ఏ ఎంపిక, ఎక్కడ నొక్కాలి, తేడా వస్తే ఏం చూసుకోవాలి, అన్నీ వరసగా, ఒక్క మాట ఎక్కువ తక్కువ కాకుండా రాసింది. పైన, ప్రశ్న అడిగినందుకు ధన్యవాదాలు అని ఉంది. ఆ కింద వేరేవాళ్ళకిచ్చిన జవాబులు చూశాను. అందరికీ అలాగే మొదలుపెడుతుంది. నాకిచ్చిన దాంట్లో చేచీ అన్న మాట కోసం పైనుంచి కిందకి, కిందనుంచి పైకి వెతికాను. లేదు. థాంక్స్ అని కొట్టి, అన్నయ్యకి ఫోన్ చేసి, ఎక్కడ నొక్కాలో చదివి వినిపించాను.